జర్మన్‌లో మాట్లాడగలను, రాయమంటే చెయ్యి కదలడం లేదు

పేరు, ఊరు రాయొద్దన్న ఒక నర్సు పంపిన ఉత్తరం ఇది. నాలుగు పేజీలుంది. అవసరమైనంత వరకు ఇక్కడ ఇస్తున్నాను.

ఆమెకు 27 ఏళ్లు. కడప జిల్లాలో ఒక పల్లె. పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఆ తర్వాత బీఎస్సీ నర్సింగ్. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో మూడేళ్లు పనిచేసి, జర్మనీ వెళ్లాలని ఉద్యోగం మానేశారు. అమీర్‌పేటలో హాస్టల్లో ఉంటూ ఒక కన్సల్టెన్సీ ద్వారా జర్మన్ కోచింగ్ తీసుకుంటున్నారు. బి1 అనే మధ్య స్థాయి పరీక్ష మొదటిసారే పాసయ్యారు. దాని పై మెట్టు బి2 దగ్గర బండి ఆగింది. జర్మన్ భాషా సంస్థ గోథే పెట్టే ఆ పరీక్ష రెండుసార్లు రాశారు. వినడం, మాట్లాడటం మొదటిసారే గట్టెక్కాయి. చదవడంలో మొదట 53, తర్వాత 57 వచ్చాయి. రాయడంలో 41, 43. ప్రతి భాగంలోనూ పాస్ మార్కు వందకి 60.

"క్లాసులో సార్ ఏదడిగినా టకటకా చెప్తాను. పరీక్షలో చదవమని వ్యాసం ఇస్తే మాత్రం వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మర్చిపోతున్నాను. చదివే పేపర్లో ఐదో భాగం ముట్టుకోకుండానే టైమ్ అయిపోతోంది. రాయడం ఇంకా ఘోరం. ముందు తెలుగులో అనుకుంటాను, దాన్ని ఇంగ్లిష్‌లోకి మారుస్తాను, అక్కణ్నుంచి జర్మన్‌లోకి. మూడు వాక్యాలకే అరగంట పోతుంది" అని రాశారు. ఇంకో మాట కూడా దాచకుండా చెప్పారు. హోంవర్క్ అంతా చాట్‌జీపీటీతో రాయించి, నోట్‌బుక్‌లోకి ఎక్కించి ఇస్తున్నారట. బ్యాచ్‌లో అందరిదీ అదే పద్ధతి. సార్ "చాలా బాగుంది" అని సంతకం పెడుతున్నారు.

రూములో ఉన్న ఇద్దరు మలయాళీ అమ్మాయిలు మొదటిసారే పాసైపోయారు. కన్సల్టెన్సీ వాళ్లు రెండు నెలల గడువు పెట్టారు, దాటితే కోచింగ్ డబ్బులు తిరిగి కట్టాలన్నారు. అమ్మ గాజులు బ్యాంకులో ఉన్నాయి. బాబాయి ఒక సంబంధం చూసి, ఇక చాలు వచ్చెయ్యమంటున్నారు. "తెలుగు మీడియం వల్లే నాకిలా అయిందా? గ్రామర్ మళ్లీ మొదటి నుంచి చదవనా? ఇంకోసారి రాయనా, మానెయ్యనా?" ఇవీ ఆమె ప్రశ్నలు. రాత్రుళ్లు ఫోన్లో తెలుగు సీరియల్ నవలలు చదువుతూ టైమ్ వేస్ట్ చేస్తున్నానని చివర్లో తనను తాను తిట్టుకున్నారు కూడా.

ముందు ఆ నవలల సంగతే మాట్లాడదాం.

అమ్మా, రాత్రి పదకొండు దాకా కథ వదల్లేక చదివే మనిషికి చదవడం రాదని ఎవరంటారు? మీకు చదవడం బాగా వచ్చు. రానిది జర్మన్, అదీ కొంత. ఈ రెండూ వేరు. మీరు రెండింటినీ కలిపి ఒకే మూట కట్టుకుని మోస్తున్నారు. 1984లో చార్లెస్ ఆల్డర్సన్ అనే భాషా పరీక్షల నిపుణుడు సరిగ్గా ఈ ప్రశ్నే వేశారు: పరాయి భాషలో చదవలేకపోవడం అసలు చదవడంలో ఇబ్బందా, ఆ భాషలో ఇబ్బందా? తర్వాత జరిగిన పరిశోధనలు మొత్తం మీద చెప్పేదేమిటంటే, భాష చాలనంత కాలం సొంత భాషలో ఎంత బాగా చదివేవాళ్లైనా తడబడతారు. భాష ఒక మట్టం దాటగానే సొంత భాషలో ఉన్న చదువరితనం కొత్త భాషకి పనికొస్తుంది. ఒక భాషలో అబ్బిన చదువు మరో భాషకి పునాది అవుతుందని జిమ్ కమిన్స్ అనే భాషా పరిశోధకుడు 1979 నుంచీ చెబుతున్నది కూడా ఇదే. కాబట్టి నవలలు మానొద్దు. వాటి మీద పెట్టే నేరం మాత్రం మానండి.

రాయడం దగ్గర లెక్క తిరగబడుతుంది. అక్కడ మీ ఇబ్బందిలో జర్మన్ వాటా తక్కువ. ఇంగ్లిష్‌లో నాలుగేళ్లు నర్సింగ్ పరీక్షలు రాశానన్నారు. ఆ జవాబుల్లో మీరు సొంతంగా కూర్చిన వాక్యాలు ఎన్ని? నోట్స్ బట్టీపట్టి, అక్షరం పోకుండా దింపడమే మనకు తెలిసిన "రాయడం". తెలుగు పేపర్లో "నాకు నచ్చిన పండుగ" కూడా గైడులోదే దించాం. ఇది తెలుగు మీడియం జబ్బు కాదు, ఇంగ్లిష్ మీడియం పిల్లలకీ ఇదే జబ్బు, పైగా వాళ్లకి ఉందని తెలియదు. బి2 రాత పరీక్ష మీ చేత మొదటిసారి సొంత వాక్యాలు రాయమంటోంది. 75 నిమిషాలిస్తుంది. ఒక చర్చా వేదికలో మీ అభిప్రాయం దాదాపు 150 మాటల్లో, పై అధికారికి ఒక సందేశం దాదాపు 100 మాటల్లో. గైడులో దొరకని సరుకు ఇది.

మరి మీకు సొంతంగా రాయడం చేతకాదా అంటే, నా ముందున్న నాలుగు పేజీలు కాదంటున్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలో, నాకేం తెలియదో, ఏది ముందు చెబితే నాకు అర్థమవుతుందో మీకు తెలుసు. గాజుల సంగతి మూడో పేజీ దాకా చెప్పకుండా ఆగారు. అది రచనే. చెప్పాల్సిన విషయం, వినే మనిషి ఉంటే మీ చెయ్యి నడుస్తోంది. అందుకే గ్రామర్ మొదటి నుంచి చదవడం మీకిప్పుడు మందు కాదనిపిస్తోంది. బి1 పాసై, మాట్లాడటంలో బి2 పాసైన మనిషికి ఆర్టికల్స్ పట్టిక మళ్లీ బట్టీ పట్టిస్తే విసుగు తప్ప ఏమొస్తుంది?

ఇప్పుడు చదవడం గురించి వివరంగా. మీ పద్ధతి రాశారు: మాక్ పేపర్ తియ్యడం, తెలియని ప్రతి మాట కిందా గీత గియ్యడం, డిక్షనరీ చూసి పైన అర్థం రాయడం. పేజీ అంతా పెన్సిలే అన్నారు. అది చదవడం కాదు, తవ్వకం. ఒక కథనం ఆసరా లేకుండా హాయిగా అర్థం కావాలంటే వంద మాటల్లో 98 దాకా తెలిసి ఉండాలని హూ, పాల్ నేషన్ అనే ఇద్దరు పరిశోధకులు 2000లో తేల్చారు. అంటే వందకి రెండే కొత్తవి. ఈసారి మీ మాక్ పేపర్లో ఒక పేరా తీసుకుని లెక్కపెట్టి చూడండి. పది పన్నెండు తేలితే, ఆ పేపర్ పరీక్ష అలవాటుకి ఉంచుకోండి. చదవడం నేర్చుకోవడానికి అది పనికిరాదు.

దానికి తేలికైనవి కావాలి, అవీ కుప్పలుగా కావాలి. ఫిజీలో 1980ల మొదట్లో ఒక ప్రయోగం చేశారు. పల్లె బడుల్లో నాలుగు, ఐదు తరగతుల పిల్లలకి ఇంగ్లిష్ రెండో భాష, ఇళ్లల్లో పుస్తకాలు అంతంత మాత్రం. వార్విక్ ఎలీ, ఫ్రాన్సిస్ మాంగుభాయ్ అనే పరిశోధకులు తరగతికి 250 బొమ్మల కథల పుస్తకాలు ఇచ్చి రోజూ చదివించారు. ఎనిమిది నెలలయ్యేసరికి ఆ పిల్లలు మామూలుగా ఎదగాల్సిన దానికి దాదాపు రెట్టింపు వేగంతో చదవడం, వినడం నేర్చుకున్నారు. మరుసటి ఏడాదికి రాయడంలోనూ తేడా కనిపించింది. వాళ్లకి అదనంగా గ్రామర్ చెప్పలేదు. నచ్చిన కథలు, బోలెడన్ని, అంతే.

మీరు పిల్లలు కారు, మీకు ఎనిమిది నెలలు లేవు. కానీ ఆ పిల్లలకి లేనిదొకటి మీకుంది, మీ వృత్తి. షుగరు, గుండెపోటు, పడక పుండ్లు, సెలైన్, జ్వరం. ఈ విషయాలు మీకు తెలుసు. తెలిసిన విషయం పరాయి భాషలో ఉంటే సగం అర్థం ముందే చేతిలో ఉంటుంది. జర్మనీలో మందుల షాపుల్లో ఉచితంగా ఇచ్చే 'ఆపోటేకెన్ ఉంషౌ' అనే ఆరోగ్య పత్రిక ఉంది. దాని వెబ్‌సైట్లో జబ్బుల గురించి సులభమైన జర్మన్‌లో రాసిన వ్యాసాలుంటాయి. వాటితో మొదలుపెట్టండి. వార్తలు కావాలంటే జర్మన్ ప్రసార సంస్థ డాయిచె వెల్లె వాళ్లు దాదాపు రోజూ నెమ్మదిగా చదివే బులెటిన్ పెడతారు, కింద రాతలో కూడా ఉంటుంది. మీకు వినడం వచ్చు కాబట్టి చెవి ముందు నడిస్తే కన్ను వెనకే వస్తుంది. రోజుకి నలభై నిమిషాలు, డిక్షనరీ పక్కన పెట్టి. ఒక మాట మూడోసారి ఎదురై, ఇంకా అర్థం కాకపోతే అప్పుడు చూడండి.

వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మర్చిపోతున్నానన్నారు. ఇది మీ ఉత్తరంలో నన్ను బాగా ఆపిన మాట. జర్మన్‌లో చాలాసార్లు వాక్యం చివర క్రియ దాక్కుంటుంది. "నాకు ఒంట్లో బాగోలేదు కాబట్టి" అనడానికి "వైల్ ఇష్ క్రాంక్ బిన్" అంటారు. 'బిన్' క్రియ, చిట్టచివర. "ఇష్ హాబె డెన్ బ్లూట్‌డ్రుక్ గెమెస్సెన్" అంటే "నేను బీపీ చూశాను". 'హాబె' ముందే వచ్చినా, అసలు 'చూశాను' చివర్లోనే. ఇంగ్లిష్ అలవాటుతో చదివేవాళ్లకి ఇది నరకం. తెలుగువాళ్లకి కాదు. మనం పుట్టినప్పటి నుంచీ క్రియ కోసం వాక్యం చివరిదాకా ఆగుతూనే ఉన్నాం. కోచింగ్ ఇంగ్లిష్‌లో జరగడం వల్ల మీరు జర్మన్‌ని ఇంగ్లిష్ కళ్లద్దాల్లోంచి చూస్తున్నారు. ఆ అద్దాలు తియ్యండి. 'వైల్' (కాబట్టి), 'డాస్' (dass, అని), 'వెన్' (అయితే) లాంటి మాటలు కనిపించగానే, క్రియ చివర ఉందని గుర్తుచేసుకుని కన్ను ముందు అక్కడికి పంపండి. తర్వాత మధ్యలోది చదవండి.

ఇంకో రకం మోసం ఉంది. "డీ బ్లూటుంగ్ హ్యోర్ట్ నిష్ట్ ఔఫ్." 'హ్యోర్ట్' చూసి వినడం అనుకుంటారు. రక్తస్రావం వినడం లేదా? చివర ఉన్న 'ఔఫ్' అనే చిన్న ముక్క దానికి అతుక్కుంటేనే అర్థం పూర్తవుతుంది: రక్తస్రావం ఆగడం లేదు. ఐసీయూలో ఈ ముక్క మిస్ అయితే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. పొడుగాటి మాటలు చూసి భయమన్నారు, వాటినీ తెలుగులాగే విడదియ్యండి. 'బ్లూట్' రక్తం, 'డ్రుక్' ఒత్తిడి. మనం రక్తపోటు అన్నట్టే. జర్మన్ స్పెల్లింగ్ ఇంగ్లిష్ అంత దుర్మార్గం కాదు కూడా, కొన్ని నియమాలు పట్టుబడితే రాసింది రాసినట్టే పలకొచ్చు.

చదివే పరీక్షలో 65 నిమిషాలకి ఐదు భాగాలు. మీకు ఐదోది పోతోంది కాబట్టి, ఒకసారి మాక్ పేపర్‌ని ఐదో భాగంతో మొదలుపెట్టి చూడండి. మీకు 57 వచ్చాయి, కావాల్సినవి మూడు మార్కులు. ముట్టుకోని భాగం ముట్టుకుంటేనే అవి రావచ్చు.

రాయడం దగ్గరికొద్దాం. మీరు జత చేసిన ప్రాక్టీస్ పేపర్ చూశాను. డ్యూటీ మార్చమని సూపర్‌వైజర్‌కి అడిగే ఉత్తరం. మొదటి వాక్యాన్ని తెలుగులో పెడితే ఇలా ఉంటుంది: "నేను మూడేళ్లుగా ఇక్కడ పనిచేస్తూ ఎప్పుడూ సెలవు అడక్కుండా ఉండి, ఇప్పుడు మా అమ్మకి ఒంట్లో బాగోలేక, ఊరెళ్లి చూసుకుని రావాల్సి వచ్చి, వచ్చేవారం నా డ్యూటీ మార్చమని అడుగుతున్నాను." తెలుగులో ముచ్చటగా ఉంది. చేస్తూ, ఉండి, వచ్చి అని మనం వాక్యాన్ని దండలా గుచ్చుకుంటూ పోగలం. జర్మన్ ఆ దారం ఇవ్వదు. మీరు ఆ దండని అలాగే మోసుకెళ్లారు. దారిలో రెండు క్రియలు జారిపోయాయి, ఒకటి తప్పుచోట పడింది. ఎర్ర ఇంకు అంతా ఆ ఒక్క వాక్యం మీదే ఉంది.

అదే సంగతి ముక్కలు చేసి చూడండి. "మైనె ముట్టర్ ఇస్ట్ క్రాంక్. డెస్‌హాల్ప్ మ్యోష్టె ఇష్ మైనెన్ డీన్‌స్ట్ టౌషెన్." మా అమ్మకి ఒంట్లో బాగోలేదు. అందుకని నా డ్యూటీ మార్చుకోవాలనుకుంటున్నాను. రెండు వాక్యాలు, రెండూ మీ చేతిలో ఉన్నవే, నోటితో ఎప్పుడో అనేసినవే. ఇవి తడబడకుండా వచ్చాక ఒకదానికొకటి కలపండి: "వైల్ మైనె ముట్టర్ క్రాంక్ ఇస్ట్, మ్యోష్టె ఇష్ మైనెన్ డీన్‌స్ట్ టౌషెన్." బి2 వాళ్లు చూడాలనుకునేది ఈ కలపడమే. కానీ ముక్కలు సరిగ్గా ఉన్నవాళ్లే కలపగలరు.

ముందు తెలుగులో ఆలోచించడం తప్పేమో అని మీ బెంగ. ఏం చెప్పాలి, ఏది ముందు, ఏది తర్వాత, ఏ కారణం గట్టిది అన్నది తెలుగులోనే తేల్చుకోండి. నాలుగు పొడి మాటలు తెలుగులో గీసుకోండి. వాక్యాలు మాత్రం తెలుగులో రాయకండి. మధ్యలో ఇంగ్లిష్ మెట్టు అసలే వద్దు, అదే మీ అరగంటని తినేస్తోంది.

రోజూ పది పన్నెండు నిమిషాలు, ఆ రోజు జరిగిందో, ఐసీయూలో ఎప్పుడో జరిగిందో జర్మన్‌లో రాయండి. పేషెంట్ పేరు వద్దు. రాస్తుంటే డిక్షనరీ తియ్యొద్దు. మాట తట్టకపోతే అక్కడ తెలుగు మాటే రాసి ముందుకెళ్లండి. "డేర్ పాట్సియెంట్ హట్ మూలిగాడు" అని ఉన్నా పర్వాలేదు. అయిపోయాక ఆ తెలుగు ముక్కల కోసం వెతికితే, ఆ మాటలు గుర్తుంటాయి. ఎందుకంటే అవి మీకు అవసరమైన మాటలు. వారం తర్వాత పాత పేజీ తీసి, అదే సంగతి మళ్లీ రాయండి. రెండో రాత ఎప్పుడూ బాగుంటుంది.

వట్టిగా చదివితే రాయడం దానంతటదే వస్తుందని కూడా అనుకోకండి. కెనడాలో 1965లో సెయింట్ లాంబర్ట్ అనే ఊళ్లో ఇంగ్లిష్ పిల్లలకి చదువంతా ఫ్రెంచ్‌లో చెప్పడం మొదలుపెట్టారు. ఆ పద్ధతిలో చదివిన పిల్లలకి ఏళ్ల తర్వాత ఫ్రెంచ్ చదవడం, వినడం దాదాపు ఫ్రెంచ్ పిల్లలంత బాగా వచ్చాయి. మాట్లాడటంలో, రాయడంలో మాత్రం తప్పులు వదల్లేదు. తమంతట తాము భాషని బయటికి తీసే పని వాళ్లకి సరిపడా పడలేదని మెరిల్ స్వైన్ అనే పరిశోధకురాలు 1985లో రాశారు. మీకు ఇది తెలిసిందే: సీనియర్ సిస్టర్ క్యాన్యులా పెడుతుంటే వందసార్లు చూసినా, మీ చేత్తో పెట్టిన రోజునే అది మీకొచ్చింది.

అందుకే హోంవర్క్ చాట్‌జీపీటీతో రాయించడం గురించి నాకు నీతులు చెప్పాలని లేదు గానీ, లెక్క మాత్రం చెప్తాను. మీకు కావాల్సిన ఒకే ఒక్క అభ్యాసాన్ని అది మీ బదులు చేసేస్తోంది. దాన్ని మానెయ్యమని కూడా అనను. ముందు మీరు రాసి, తర్వాత దానికివ్వండి. "తిరగరాయొద్దు, క్రియ తప్పుచోట ఉన్న వాక్యాలకి మాత్రం గుర్తు పెట్టు" అనండి. దిద్దుకోవడం మీ పని. ఒక వారం క్రియ స్థానం, ఇంకో వారం ఆర్టికల్స్. ఒకేసారి అన్నీ ఎర్రగా చేస్తే మనిషి బెదిరిపోవడమే మిగులుతుంది. తప్పులు దిద్దడం వల్ల అసలు లాభముందా అని 1996లో జాన్ ట్రస్కాట్ అనే భాషా పరిశోధకుడు లేవదీసిన గొడవ పండితుల మధ్య చాలాకాలం సాగింది. మధ్యేమార్గంగా నాకు తోచింది, కొద్దిగా దిద్దడం, ఒకేరకం తప్పు మీద దిద్దడం. మీ సార్ దగ్గరికి కూడా ఇలాంటి పేజీ తీసుకెళ్లి, ఇది పూర్తిగా నాదేనండీ, దీనికి మార్కులెయ్యండి అని అడగండి. ఆ మార్కులు చూసి బాధ కలుగుతుంది. కానీ ఎక్కడున్నారో అప్పుడు తెలుస్తుంది.

మలయాళీ రూమ్మేట్స్ విషయం. వాళ్ల నాలుకలో విశేషమేం లేదు. కేరళ నర్సులు 1960ల నుంచే పశ్చిమ జర్మనీ వెళ్తున్నారు. చాలా ఊళ్లలో అక్కడ పనిచేసిన ఒక అత్తో, పిన్నో ఉంటుంది, పరీక్ష ఎలా ఉంటుందో చెప్పేవాళ్లుంటారు. మీకు ఆ చుట్టరికం లేదు, అంతే. పైగా వాళ్లు మీ రూములోనే ఉన్నారు కదా! తెలుగూ మలయాళమూ కాకుండా జర్మన్‌లోనే చీటీలు రాసుకోండి. ఫ్రిజ్ మీద, తలుపు మీద. చదివే మనిషి ఉంటే మీ చెయ్యి నడుస్తుందని ఇందాకే అనుకున్నాం.

ఇక మీ ముందున్న దారులు. రెండు నెలల్లో చదవడం, రాయడం రెండు భాగాల పరీక్షలూ ఇచ్చెయ్యడం ఒకటి. గెలిస్తే అన్నీ తీరతాయి. కానీ 43 నుంచి 60కి రెండు నెలల్లో ఎక్కడం కష్టం, అసాధ్యం అనను. మూడోసారి కూడా పోతే డబ్బుతో పాటు ధైర్యమూ పోతుంది, అదే నా భయం. గోథే బి2లో నాలుగు భాగాలు విడివిడిగా రాసుకోవచ్చు. కాబట్టి ఈసారి చదవడం ఒక్కటే రాసి, రాయడానికి ఇంకో మూడు నెలలు పెట్టుకోవడం రెండో దారి. ఫీజు రెండుసార్లవుతుంది, కన్సల్టెన్సీ గడువు దాటుతుంది. కానీ ఒక పాస్ చేతిలో పడితే మీ మనసు కుదుటపడుతుంది. నర్సింగ్ సందర్భాలతోనే ఉండే టెల్క్ పరీక్ష కూడా ఉంది. మీరు చేరబోయే ఆసుపత్రి ఉన్న జర్మన్ రాష్ట్రం దాన్ని ఒప్పుకుంటుందో లేదో ముందు రాతపూర్వకంగా కనుక్కోండి.

మూడోది బి1తోనే వెళ్లడం. జర్మన్ ప్రభుత్వ సంస్థలు నడిపే ట్రిపుల్ విన్ లాంటి పథకాల్లో నర్సులు ఇక్కడ బి1 దాకా చదివి వెళ్లి, మిగతా భాషా, నర్సుగా అధికారిక గుర్తింపూ అక్కడ పూర్తి చేస్తారు. అక్కడ మీరు చేరబోయే యజమాని ఒప్పుకుంటారేమో అడగొచ్చు. చుట్టూ జర్మనే కాబట్టి చదవడం వేగంగా పెరుగుతుంది. రెండోవైపు కూడా చూడండి. గుర్తింపు వచ్చేదాకా సహాయకురాలి హోదా, సహాయకురాలి జీతం. షిఫ్టులు చేసి వచ్చి రాత్రిపూట చదువు. అక్కడ ప్రతి షిఫ్టు చివరా పేషెంట్ సంగతి రాతలో పెట్టడం నర్సు పనిలో భాగం. రాయడం నుంచి తప్పించుకుని వెళ్లే దేశం కాదది. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా నర్సులకి జర్మన్ నేర్పించి పంపుతోంది. కడప వాళ్లకి అర్హత ఉందో లేదో ఒక ఫోన్ చేసి కనుక్కోండి.

నాలుగోది మళ్లీ ఐసీయూ ఉద్యోగంలో చేరి, పక్కన చదువుకోవడం. నెమ్మది. కానీ నెలనెలా జీతం వస్తే గాజుల వడ్డీ కట్టొచ్చు, ఉద్యోగంలో ఖాళీ కూడా పెరగదు. మానెయ్యడం ఐదోది. అదీ దారే, సిగ్గుపడాల్సింది కాదు. బాబాయి తొందరవల్ల కాకుండా మీరే జర్మనీ వద్దనుకుంటే మానండి. సంబంధం నచ్చితే ఆ అబ్బాయితోనే జర్మనీ సంగతి మాట్లాడొచ్చు, పెళ్లికీ పరీక్షకీ శత్రుత్వం ఎవరు పెట్టారు?

మీ స్థానంలో ఉంటే నేను రెండూ నాలుగూ కలిపి ఆలోచిస్తాను. కానీ గాజులు మీ అమ్మగారివి, గడువు మీది. లెక్క మీరే వెయ్యాలి.

ఆ గడువు గురించి ఒక్కటి. "డబ్బులు తిరిగి కట్టాలి" అన్నది మీరు సంతకం పెట్టిన కాగితంలో ఉందా, నోటిమాటా? ఉంటే ఎంత, ఏ షరతు మీద? కాగితం కాపీ అడిగి తెచ్చుకుని, తెలిసిన లాయరుకి చూపించండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గరుంటే రసీదు తీసుకుని వెనక్కి అడగండి. విదేశాల్లో ఉద్యోగాలకి మనుషుల్ని పంపే ఏజెన్సీలు 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద విదేశాంగ శాఖ దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి. పేరు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో కనిపిస్తుంది. వాళ్ల పేరు అక్కడ లేకపోతే బెదిరింపుని ఇంకో కంటితో చూడొచ్చు.

పరీక్ష బుక్ చేసేముందు ఒక పని చెయ్యండి. హాస్టల్లో కాకుండా ఏదైనా లైబ్రరీలో కూర్చుని, ఫోన్ ఆపేసి, మీరు ఎప్పుడూ చూడని చదివే పేపర్ 65 నిమిషాల్లో చెయ్యండి. వారం తేడాతో ఇంకొకటి. రెండింట్లోనూ 65 దాటితే చదవడం బుక్ చేసెయ్యండి. రాయడానికి కూడా అలాగే, 75 నిమిషాలు, ఎవరి సాయం లేకుండా రెండు పేపర్లు రాసి సార్‌కివ్వండి. ఆయన వేసిన మార్కు 55 దగ్గరైనా ఉంటే రెండు నెలల గడువులోనే అదీ రాయడం గురించి ఆలోచించొచ్చు. 45 దగ్గరే ఆగితే ఆ ఫీజు డబ్బులు ఈసారికి దాచుకోండి.